మా అబ్బాయి వాళ్ల పెద్దమ్మ

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా అబ్బాయి శేఖర్ సంగారెడ్డి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే వచ్చింది. ఇద్దరు పిల్లల తండ్రి, పటాన్‌చెరులో సొంతంగా లేత్ షాపు నడుపుకుంటున్న మనిషి, ఫోనులో గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు వాడు అలా ఏడవలేదు. పెద్దవాడిలా నిలబడి పనులన్నీ చూసుకున్నాడు. ఫోను చెవికి ఆనించుకుని నేను మొదట అనుకున్నది ఆవిడ గురించి కాదు. నేను పోయినప్పుడు వీడు ఇంత ఏడుస్తాడా అనుకున్నాను. ఆ తర్వాతే కూర్చుని నేనూ ఏడ్చాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మేం పాతికేళ్లకు పైగా అద్దెకున్న ఇంటి యజమానురాలు. నేను ఆవిడను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. ఆ లెక్కన మా వాడికి పెద్దమ్మ అయింది. ఆ పిలుపు నేనే నేర్పాను. అందులో ఒక అమ్మ ఉందని, ఆ అమ్మకు ముందు 'పెద్ద' అనే మాట కూడా ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మాది గోదావరి జిల్లా. ఎనభైల మొదట్లో మా ఆయనకు ఇక్కడి పెద్ద ప్లాంటులో ఫిట్టరు ఉద్యోగం వచ్చింది. క్వార్టరు దొరికేదాకా ఉందామని పటాన్‌చెరు పాత ఊళ్లో వాళ్ల ఇంట్లో రెండు గదుల వాటా తీసుకున్నాం. వాకిలి ఉమ్మడి, గేటు ఒకటే. క్వార్టరు వచ్చేనాటికి శేఖర్ ఆ ఇల్లు వదిలి రానని మంకుపట్టు పట్టాడు. అక్కడే ఉండిపోయాం.

ఆవిడది పెద్ద వ్యవసాయం. కాజీపల్లి వైపు ఉన్న పొలంలో సగం ఫ్యాక్టరీలకు పోయింది. మిగిలిన సగంలో బావినీళ్లు రంగు మారి, పంట పండటం మానేసింది. భర్త ముందే పోయాడు. ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లు చేసింది. ఒక్కడే కొడుకు, యాదగిరి, మా శేఖర్ కంటే రెండేళ్లు పెద్ద. ఇన్ని చేతిలోంచి జారిపోయినా ఆవిడ గొంతు మాత్రం తగ్గలేదు. వాకిట్లో మాట్లాడితే వీధి చివర కిరాణా కొట్టులో వినిపించేది. చాయ్ సాసర్‌లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేది. దేవుడితో కిరాయిదారుతో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఏమయ్యా, వానేది? పోయినేడు గిట్లనే పరేషాన్ జేసినవ్. నా పూజ మాత్రం టైముకు గావాల్నా నీకు?" అని పొద్దున్నే దేవుడి గదిలోంచి వినిపించేది.

ఆ చనువు చూస్తే నాకు కళ్లు కుట్టేవి. మా ఇంట్లో దేవుడి పటం క్యాలెండర్ మీద ఉన్నదే. మా ఆయన యూనియన్ మనిషి, గుడికి వెళ్లేవాడు కాదు. నేను పండక్కి దీపం పెట్టేదాన్ని, అంతే. దేవుడితో పోట్లాడగలిగేంత దగ్గరగా నేను ఎప్పుడూ వెళ్లలేదు.

అంతకన్నా ఎక్కువ కుట్టింది మా వాడి నాలుక. మా ఇంట్లో వచ్చాను, తిన్నాను. వాకిలి దాటి ఆవిడ గదుల్లోకి వెళ్లాడంటే వచ్చిన, తిన్న. మొదట్లో దిద్దేదాన్ని. "వచ్చిన ఏమిట్రా, వచ్చాను అనాలి" అంటే అనేవాడు, మళ్లీ అటు పరిగెత్తేవాడు. నేను దోసెలు పోసి పిలిస్తే, "పెద్దమ్మ జొన్నరొట్టె పెట్టింది, తిన్న" అని అక్కడి నుంచే అరిచేవాడు. బళ్లో దెబ్బలాడి వస్తే ముందు అటే వెళ్లేవాడు. నాకు కట్టు కనిపించేది, దెబ్బ ఎలా తగిలిందో ఆవిడకు తెలిసేది. మా వాడికి రెండు భాషలు వచ్చు కదా అని మా ఆయన మురిసిపోయేవాడు. ఆ రెండింటిలో ఏ భాషలో వాడు నిజం చెప్పేవాడో తల్లిని కాబట్టి నాకు తెలుసు.

తొంభైల మొదట్లో కాలం చెడింది. ఎక్కడో ఏదో జరిగిందని నగరంలో కర్ఫ్యూ పెట్టేవారు. బస్సులు ఆగిపోయేవి. పుకార్లు మాత్రం ఆగకుండా వచ్చేవి. శేఖర్ అప్పుడే ఐటీఐ పూర్తిచేసి ఒక షెడ్డులో అప్రెంటిస్‌గా చేరాడు. యాదగిరికి పనిలేదు. పొలం లేదు, ఫ్యాక్టరీ వాళ్లు భూమి తీసుకున్నప్పుడు ఇస్తామన్న ఉద్యోగం ఇవ్వలేదు. ఊరి చివర కుర్రాళ్లు కసరత్తు చేసే తాలీం ఉండేది. అక్కడికి నగరం నుంచి ఒక మనిషి వచ్చి పోవడం మొదలుపెట్టాడు. అతను ఉపన్యాసాల క్యాసెట్లు తెచ్చి పంచేవాడు. ఒకటి మా ఇంటికీ వచ్చింది.

ఒక ఆదివారం శేఖర్ దాన్ని మా టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. మన దేవుళ్లకు అవమానం జరిగింది, మగవాళ్లైతే లేవండి, వాళ్లకు బుద్ధి చెప్పండి, అని ఒక గొంతు అరుస్తోంది. నేను ఆపేశాను.

"ఏమిట్రా ఈ విషం? నీతో చదువుకున్న పిల్లల్లో వాళ్లు లేరా? వాళ్ల ఇంట్లో పండక్కి సేమియా తినలేదా నువ్వు?"

"నీకు తెలియదమ్మా."

"ఏ దేవుడు చెప్పాడ్రా మనిషిని కొట్టమని?"

వాడు క్యాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఎన్నడన్నా గుడికి పోయినవా అమ్మా? నువ్వు నాకు దేవుని గురించి చెప్తవా?" అన్నాడు. మొదటిసారి మా ఇంట్లో నిలబడి నాతో ఆ ఇంటి భాషలో మాట్లాడాడు.

నేను చెప్పిన మాటలో తప్పులేదు. కానీ ఆ మాట చెప్పడానికి నా దగ్గర పరపతి లేదు.

ఆ రోజుల్లోనే అధికారులు బడి మైదానంలో శాంతిసభ పెట్టారు. వేదిక మీద ఒక స్వామీజీ, ఒక మౌల్వీ, ఒక ఫాదరు పక్కపక్కన కూర్చున్నారు. ముగ్గురూ అన్ని మతాలూ ఒకటే చెప్తాయన్నారు. చేతులు కలిపి ఫోటో దిగారు, పావురాలను ఎగరేశారు. అక్కా నేనూ ఆడవాళ్ల వరుసలో కూర్చున్నాం. వెనక నిలబడ్డ కుర్రాళ్లు నవ్వుతున్నారు. వాళ్లలో యాదగిరి ఉన్నాడు, శేఖర్ ఉన్నాడు. ఒక పావురం ఎగరలేక వేదిక మీదే చతికిలబడితే ఈలలు వేశారు.

తిరిగి వస్తుంటే నేను, "ఎంత బాగా చెప్పారక్కా" అన్నాను.

"మంచిగనే చెప్పిండ్రు చెల్లె. గాని పోరగాళ్లకు చెప్పలే, ముంగట కుర్చీలల్ల కూసున్న సార్లకు చెప్పిండ్రు. పోరగాళ్లను కూసోవెట్టి ఒక్క మాట అడిగిండ్రా?" అంది.

ఆ వారమే ఆవిడ మా వాకిట్లోకి వచ్చి శేఖర్‌ను పిలిచింది. ప్రతి గురువారం సాయంత్రం వాళ్ల అరుగు మీద పురాణం చదవటం ఎప్పటి నుంచో ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు, ముసలివాళ్లు వచ్చి వినేవారు. చదివేది ఆవిడే. "బిడ్డా, నా కండ్లకు పొరలొచ్చినయి. అచ్చరాలు కనవడతలెవ్వు. గురువారం గురువారం నువ్వచ్చి జెర చదువు. ధర్మం ధర్మం అంటున్నవ్ గద, గిది గూడ ధర్మం పనే" అంది.

కాదనడానికి వాడికి దారి లేకపోయింది. నుదుటన పెద్ద బొట్టు, మెడలో కాషాయం కండువాతో వెళ్లి కూర్చున్నాడు. చదవటం మాత్రం చక్కగా చదివేవాడు. గుణింతం నుంచి వాడికి చదువు నేర్పింది నేను. పలకమీద నా చెయ్యి వాడి చెయ్యి పట్టుకుని దిద్దించింది. ఆ చదువు ఇప్పుడు ఆవిడ అరుగు మీద మోగుతుంటే, నేను మా గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. ఒక్కోసారి ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలోనే వేసేదాన్ని.

ఒక గురువారం యుద్ధం ఘట్టం వచ్చింది. శేఖర్ ఉత్సాహంగా గొంతు పెంచి చదివాడు. ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా. గీ యుద్ధం అయినంక ఎంతమంది మిగిలిండ్రు?"

"కొద్దిమందే పెద్దమ్మా. అందరు సచ్చిపోయిండ్రు."

"గెలిచినోళ్లు సంబురపడ్డరా?"

వాడు పేజీలు తిప్పి చూశాడు. "లేదు. ఏడ్సిండ్రు."

"గదీ చదువు. యుద్ధం చదివినంత గట్టిగ చదువు."

వాడు చదివాడు. మొదట గట్టిగానే ఉంది గొంతు. కొడుకులు పోయిన తల్లులు ఏడ్చే చోటుకు వచ్చేసరికి అరుగు మీద ఉన్న ముసలమ్మలు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. వాడి గొంతు తగ్గిపోయింది. ఆవిడ ఏమీ వ్యాఖ్యానం చెప్పలేదు. "ఇగ చాలు, చాయ్ తాగు" అంది. ఆ నెలల్లో ఆవిడ చేసిందంతా అంతే. ఎక్కడో ఒకచోట చెయ్యెత్తేది, ఒక ప్రశ్న అడిగేది, జవాబు వాడి నోటితోనే చదివించేది.

యాదగిరి ఆ అరుగు ఎక్కేవాడు కాదు. లోపలి గదిలో పడుకుని రేడియో పెద్దగా పెట్టేవాడు. తల్లిది పుట్టినప్పటి నుంచి విన్న గొంతు. అన్నం తిను, స్నానం చెయ్యి, దేవుడు శాంతంగా ఉండమన్నాడు, అన్నీ వాడి చెవికి ఒకే మాటలా వినిపించేవేమో.

ఒకరోజు మధ్యాహ్నం అక్క నా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. అంత నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి.

"చెల్లె, మావోడు ఏదో జేసేటట్టున్నడు. నేను చెప్తె ఇంటలేడు. ఇంట్ల మాట గద, ఇంపుగ లేదు వానికి. నువ్వు జెర చెప్పు. నీ పోరడు నా మాట ఇంటున్నడు గద, మరి నా పోరడు నీ మాట ఇనడా?"

నాకు గర్వంగా అనిపించింది. ఆవిడ వల్ల కానిది నా దగ్గర ఉందని ఆవిడే ఒప్పుకుంది. మర్నాడు యాదగిరికి ఇష్టమని మినప దిబ్బరొట్టె వేసి పిలిచాను. వాడు వచ్చి, వినయంగా కూర్చుని తిన్నాడు. నేను చెప్పదలచుకున్నదంతా చెప్పాను. దేవుడి పేరు కూడా తెచ్చాను, నా నోటికి అలవాటు లేకపోయినా. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పాడు.

"చిన్నమ్మా, నువ్వు మంచిదానివి. గాని మీరు ఆంధ్ర నుంచి వచ్చిండ్రు. మాకు ఈడ ఏమేం పోయినయో మీకు తెల్వది."

"పోయింది పొలం కదా బాబూ. అది తీసుకున్నది వాళ్లు కాదు కదా?"

వాడు ప్లేటు తీసి కడిగి బోర్లించి వెళ్లాడు. ఆ మర్యాద చూసి నా మాట విన్నాడనే అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం మా ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లాడు. ముత్తంగి వెళ్లే దారిలో ఒక కర్రల అడితి ఉండేది. దాని యజమానిని ఊరంతా అడితి భాయి అనేవారు. అక్క వాళ్ల ఇంటి తలుపులన్నీ అక్కడి కర్రతో చేసినవే. ఆ వేళ మధ్యాహ్నం దాన్ని తగలబెట్టాలని తాలీం కుర్రాళ్లు అనుకున్నారని నాకు తెలియదు. శేఖర్ షెడ్డు నుంచి వేళకాని వేళ ఇంటికి వచ్చి, వంటింట్లోంచి కిరసనాయిలు డబ్బా తీసుకోవడం చూసి అర్థమైంది.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "నన్ను దాటి వెళ్లు చూద్దాం" అన్నాను.

వాడు నన్ను నెట్టలేదు. నా రెండు భుజాలు పట్టుకుని, సామాను జరిపినట్టు పక్కకు జరిపి వెళ్లిపోయాడు. నెట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

వాకిట్లో అక్క చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. యాదగిరి పొద్దున్నే ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఆవిడ లేవలేదు, గేటు వెయ్యలేదు.

"ఏంది బిడ్డా డబ్బల?"

"కిరసనాయిలు."

"ఏం పనికి?"

వాడు డబ్బాను చెయ్యి మార్చుకుని, "దేవుని పనికి" అన్నాడు.

"మంచిది. దేవుని పనైతె ఆయనకు చెప్పకుండ పోతవా? అర్రలకు పో. డబ్బ ఆయన ముంగట పెట్టు. బొట్టు వెట్టు, మొక్కు. మొక్కి తీస్కపో. నేను ఆపుతనా?"

శేఖర్ చెప్పులు విడిచి డబ్బా పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లాడు. నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది. వాడు డబ్బాను పటాల ముందు పెట్టడం కనిపించింది. వంగి కుంకుమ భరిణె తీశాడు. వేలు అద్దాడు. ఆ వేలు డబ్బా దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. తెల్ల రేకు డబ్బా, దాని మీద జిడ్డు మరకలు, పక్కన పొద్దున పెట్టిన మందారాలు. వాడు అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత మెల్లగా కింద కూర్చున్నాడు. వేలి మీది కుంకుమను చొక్కాకు తుడుచుకున్నాడు.

అక్క చింతపండు గింజ తీస్తూనే ఉంది. వీధిలో ఎవరో సైకిల్ మీద వచ్చి శేఖర్ పేరు పెట్టి పిలిచారు. వాడు పలకలేదు. మళ్లీ పిలిచి వెళ్లిపోయారు. ఇంకొంచెంసేపటికి ముత్తంగి వైపు ఆకాశంలో నల్లటి పొగ లేచింది.

నా గుమ్మం దాటిన కొడుకు ఆవిడ దేవుడి గది గుమ్మం దాటలేకపోయాడు. వాడు ఆగిపోయినందుకు నా ప్రాణం లేచివచ్చింది. ఆవిడ కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఆవిడ మీద పట్టరాని అసూయ కూడా కలిగింది. ఒకే క్షణంలో ఇన్ని ఎలా కలిగాయో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ పొగవైపు చూస్తూ, "మావోడు ఆడనే ఉన్నడు చెల్లె" అంది. అప్పుడు గానీ నేను ఆవిడ ముఖం చూడలేదు.

అడితి మొత్తం కాలిపోయింది. లోపల కోతమిషను దగ్గర ఉన్న పనివాణ్ణి బయటికి లాగబోయి భాయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. పనివాడు బతికాడు. భాయి చేతివేళ్లు మళ్లీ పూర్తిగా ముడవలేకపోయాడు.

యాదగిరి సంగారెడ్డి అవతల ఒక మేనమామ ఊళ్లో దాక్కున్నాడు. అక్క బస్సెక్కి వెళ్లి వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, నేరుగా ఠాణాకు తీసుకెళ్లింది. చుట్టాలు తిట్టారు. "కన్నదాన్ని నేను. నేనే తీస్కవచ్చిన. మీకేంది?" అంది. ఠాణా ముందు అందరూ చూస్తుండగా యాదగిరి, "ఇగ నాకు అమ్మ లేదు" అన్నాడు. కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. కేసు ఏళ్లతరబడి సాగి, సాక్ష్యం చెప్పేవాళ్లు లేక చివరికి కొట్టేశారు. వాడు పెళ్లి చేసుకుని అత్తగారి ఊళ్లో స్థిరపడ్డాడు. ఆవిడతో మాట్లాడలేదు.

ఆవిడ అడితి భాయి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగింది. ఆయన కూర్చోమని మంచినీళ్లు ఇప్పించాడట. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆవిడ ఇంటివైపు రాలేదు. రమ్మని ఆవిడా అడగలేదు.

అగ్గి పెట్టిన తర్వాత రెండు మూడు గురువారాలు అరుగు మీద పురాణం లేదు. "నా ఇంట్లనే చెల్లని మాట ఊరికేం చెప్పాలె?" అని పుస్తకం గుడ్డలో కట్టేసింది. ఆ గుడ్డ విప్పింది శేఖరే. అడక్కుండా వెళ్లి, అరుగు ఊడ్చి, చాప పరిచి, ఒక్కడే కూర్చుని పైకి చదవటం మొదలుపెట్టాడు. ఆవిడ లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు అది ఆగలేదు. కాషాయం కండువా ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. తాలీం కుర్రాళ్లలో ఇంకో ఇద్దరు కూడా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. చాలామంది రాలేదు.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక చదువుకునే అమ్మాయి ఆవిడను వెతుక్కుంటూ వచ్చింది. దేవుడి పేరుతో శాంతి చెప్తే కుర్రాళ్లు తీవ్రవాదం వైపు వెళ్లకుండా ఆగుతారా అని ఏదో పరిశోధన చేస్తోందట. నేను చాయ్ పెట్టి తీసుకెళ్లేసరికి ఆ ప్రశ్నే అడుగుతోంది.

అక్క సాసర్‌లో చాయ్ పోసుకుని చెప్పింది. "ఇద్దరు పిల్లలకు గవే మాటలు చెప్పిన బిడ్డా. ఒకడు ఆగిండు, ఒకడు ఆగలే. ఆగినోడు నా కొడుకు గాదు. రాస్కో."

ఆ అమ్మాయి కలం ఆపింది. "మరి ఆ ఒక్కడు ఎందుకు ఆగాడమ్మా?"

"గది తెలిస్తే ఇంకోన్ని ఆపకపోదునా?"

మా ఆయన దగ్గర దీనికి వేరే జవాబు ఉండేది. శేఖర్‌కు చేతిలో పనుంది, యాదగిరికి లేదు, మధ్యలో దేవుడు చేసిందేం లేదు అనేవాడు. కావచ్చు. కానీ ఆ శుక్రవారం శేఖర్ ఆ పని వదిలేసే డబ్బా కోసం వచ్చాడు. కుంకుమ అద్దిన ఆ వేలు ఆగిపోవడం నేను చూశాను, ఆయన చూడలేదు.

ఆ అమ్మాయి వెళ్లిపోయాక అక్క నన్ను కూర్చోమంది.

"చెల్లె, ఒక్క మాట చెప్త, ఏమనుకోకు. నిన్ను జూస్తె నాకు కండ్లు మండేవి. ఆ దినం దేవుని అర్రల కూసున్నది నావోడైతె బాగుండు అనుకున్న. నీ కొడుకు గురువారం గురువారం వచ్చి చదువుతుంటె, ఈడు నాకెందుకు పుట్టలే, దీనికెందుకు పుట్టిండు అని కుళ్లుకున్న. దేవుని పుస్తకం ముంగట కూసోని గిట్ల అనుకున్న జూడు."

నేను నవ్వాను. ఇన్నేళ్లూ నేను ఆవిడ మీద ఏడుస్తున్నానని ఆవిడకు చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. ఆవిడ సాసర్ కింద పెట్టి, వీధి చివరిదాకా వినిపించేలా నవ్వింది. "ఇద్దరికి ఇద్దరం సరిపోయినం పో" అంది. దాంతో అసూయ పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఆ రోజు నుంచి దాన్ని దాచుకునే పని మాత్రం తప్పింది.

మా ఆయన రిటైరై, తర్వాత కాలం చేశాక మేం కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంట్‌కు మారాం. శేఖర్ మాత్రం షాపు కట్టేసి గురువారం అటు వెళ్లే వచ్చేవాడు. ఆ రోజు ఇంట్లో రాత్రి భోజనానికి వాడి కంచం పెట్టకూడదని మా కోడలు కూడా నేర్చుకుంది. ఆవిడకు షుగర్ ముదిరి గుండె దాకా వచ్చిందని డాక్టర్లు చెప్పినప్పుడు, ఆసుపత్రిలో చేర్చింది వాడే.

దహనానికి నేనూ వెళ్లాను. యాదగిరి తలకొరివి పెట్టాడు. జుట్టు నెరిసింది, తల్లిలాగే పొడుగు మనిషి. నన్ను చూసి దగ్గరికి వచ్చి, "చిన్నమ్మా" అన్నాడు. పాడె ఒకప్పుడు అడితి ఉన్న రోడ్డు మీదుగా వెళ్తున్నప్పుడు భాయి కొడుకు స్కూటర్ ఆపి, దిగి, జనం దాటిపోయేదాకా నిలబడ్డాడు.

పదో రోజు శేఖర్ పొద్దున్నే ఆ పాత ఇంటికి వెళ్లి, మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చాడు. తలుపు తీసి చూస్తే గుండు. యాదగిరి పక్కన కూర్చుని, వాళ్ల దాయాదులతో పాటు తనూ జుట్టు తీయించుకున్నాడు. తల్లికి కొడుకు చేసే పని అది. నేను బతికే ఉన్నాను. అదే మాట నోటిదాకా వచ్చింది. వాడి ముఖం చూసి మింగేశాను.

వాడు కుర్చీలో కూర్చుని నేల చూస్తూ చెప్పాడు. "ఆఖరి దినం యాదన్న ఆసుపత్రికి వచ్చిండమ్మా. నేనే ఫోన్ చేసి పిలిచిన. బయట వరండాలోనే కూసున్నడు, లోపలికి రానన్నడు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన. పెద్దమ్మ కండ్లు తెరిచింది. వాన్ని చూసి 'తిన్నవా కొడుకా' అని అడిగింది. గంతే. మళ్లీ మాట్లాడలే."

"మంచిదే కదరా. ఇన్నేళ్లకు."

"మంచిదే." వాడు గుండు తడుముకున్నాడు. "నేను మంచం ఇవతల దిక్కే నిలబడ్డ అమ్మా. ఇన్నేండ్లు నేనే పోయిన గద ఆమె దగ్గరికి. నా దిక్కు ఒక్కసారి కూడా చూడలే."

వాడికి వాళ్ల నాన్న పోలికని అందరూ అంటారు, నేనూ అదే అనుకునేదాన్ని. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖం అచ్చం నాది. వాడు నాతో ఆ ఇంటి భాషలో మాట్లాడుతున్నాడని, దిద్దాలని నాకు తోచలేదని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

గుండు మీద రెండు చోట్ల కత్తి గాట్లు పడ్డాయి. వంటింట్లోకి వెళ్లి పసుపు తడిపి తెచ్చాను. వాళ్ల నాన్నకు తీయించుకున్నప్పుడు చుట్టాల హడావుడిలో ఆ తలను సరిగ్గా చూడనేలేదు. పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నా ఒళ్లోనే కూర్చున్నాడు, కేకలు పెట్టాడు. ఇప్పుడు కేకలు పెట్టలేదు. నేను వెనక నిలబడి గాట్ల మీద పసుపు అద్దుతుంటే, చల్లగా తగిలినట్టుంది, మెడ వంచి తల నా చేతులకిచ్చి కూర్చున్నాడు. పసుపు అద్దడం అయిపోయాక కూడా చేతులు తీయలేదు నేను. వాడూ తల ఎత్తలేదు.